నువ్వు తల ఊపితేనే

మేడ్చల్,
24 ఫిబ్రవరి 2003, సోమవారం.

మన్నాన్ భాయికి,

మేడ్చల్ నుండి నీ పాత భాగస్థుడు గండయ్య సలాం చెప్పి రాస్తున్నాడు. ఇక్కడ నేను, సుక్కమ్మ, మా ధర్మేందర్ బాగానే ఉన్నాం. అక్కడ నాగారంలో నువ్వు, షహర్ బాను చెల్లె, పిల్లలు ఆసిం, అఫ్రీన్ చల్లగా ఉన్నారని తలుస్తాను. తొమ్మిదేళ్ల తర్వాత కుశలం అడిగే ముఖం నాకు లేదని నాకూ తెలుసు. అయినా ఉత్తరం అన్నాక మొదట అడగవలసింది అడగాలి కాబట్టి అడిగాను. చింపి పారేయాలనిపిస్తే చివరిదాకా వచ్చాక చింపు.

కబురేమిటంటే, షామీర్‌పేట దాటాక రాజారావు అని ఒకాయన తోట ఉంది. భూములు కొని ప్లాట్లు చేసి అమ్మే మనిషి. ఆ తోట షెడ్డులో, కోళ్లు పొదిగే గంపల వెనకాల, ఒక పాత అమెరికా కారు పడి ఉంది. అరవై తొమ్మిది నాటిది. పొడుగాటి ముక్కు, రెండే తలుపులు. బానెట్ ఎత్తితే ఎనిమిది సిలిండర్లు, ఈ పక్క నాలుగు, ఆ పక్క నాలుగు. జీపులూ ట్రాక్టర్లూ విప్పి బతికినవాళ్లం మనం. దాన్ని చూసి నేను సిలిండర్లు రెండుసార్లు లెక్కపెట్టాను. ధర్మేందర్ అయితే పెళ్లిచూపులకు పోయినవాడిలా చుట్టూ తిరిగాడు. వాడికి ఇరవై నాలుగు నిండాయి. మన రిపేరు షెడ్డు ఇప్పుడు వాడి చేతిలోనే ఉంది. నేను పక్కన నిలబడి తప్పులు పట్టేవాణ్ణి.

రాజారావు కోరిక వింతగా ఉంది. బండి మామూలుగా రోడ్డు మీద తిరగాలట, పందెంలోనూ పరుగెత్తాలట. ఆ పందెం ఎట్లాంటిదంటే, రెండు కార్లను పక్కపక్కన నిలబెడతారు. జెండా ఊపగానే పావు మైలు తిన్నగా దూసుకుపోవాలి. పదిహేను సెకన్లలో అంతా అయిపోతుంది. ఇందుకోసం నాలుగు నెలలు చాకిరీ ఏందిరా అని నేను విసుక్కుంటే, నాయినా గా పదిహేను సెకన్లల్లనే నీ పేరు సిటీ అంతా తెలుస్తది అని ధర్మేందర్ నా నోరు మూయించాడు.

ఇంజన్ సంగతి చెబుతాను, నువ్వు వినాలి. సిలిండర్లు అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉన్నాయి. వాటిని మళ్లీ గుండ్రంగా కోసే బోరింగ్ పని సిటీలో చేయించాం. నీ చెయ్యి కాదు, అయినా ఫరవాలేదు. పిస్టన్లు రాజారావు బయటి దేశం నుండి తెప్పించాడు, నెత్తి మీద బుడిపె ఉన్నవి. హెడ్లను కూడా కాస్త గీకించి పలచన చేయించాను. లోపల పెట్రోలూ గాలీ ఎంత బిగువుగా నొక్కుకుంటే అంత బలం కదా. ఎనిమిది కనెక్టింగ్ రాడ్లూ ఒకే తూకం రావాలని బంగారం పని చేసే బాలనర్సయ్య త్రాసులో పెట్టి తూచాను. బంగారం తూసే దాంట్ల ఇనుము వెడ్తవా, నీకేమన్న పిచ్చి లేసిందా అని తిట్టాడు. మూడో రోజుకు తనే కళ్లద్దాలు తగిలించుకుని, గా నాలుగోది ఇంకింత గీకాలె గండయ్యా అని చెప్పడం మొదలుపెట్టాడు. సుక్కమ్మ ఆ మాట ఊరంతా చెప్పి నవ్వుతోంది.

ఇక అసలు చిక్కు. ఇంత బిగువు ఇంజన్‌కు మన బంకు పెట్రోలు చాలదు. ప్లగ్గులో నిప్పు ముందుగా పడితే పెట్రోలు మండదు, పేలుతుంది. నాకింగ్ అంటే ఏమిటో నీకు నేను చెప్పాలా. నాలుగు సార్లు అయితే ఏమీ కాదు, నాలుగు వందల సార్లు అయితే పిస్టన్ నెత్తి కరుగుతుంది. నిప్పు ఆలస్యంగా పడితే బలం పోతుంది, ఇంజన్ కాగిపోతుంది. ఆ రెంటికీ మధ్య వెంట్రుకవాసి జాగా ఉంది. టైమింగ్ లైటు కొన్నాం, నిప్పు ఎన్ని డిగ్రీల ముందు పడుతోందో అది చూపుతుంది గాని ఈ పెట్రోలును ఈ పిస్టన్లు ఓర్చుకుంటాయో లేదో చెప్పదు. అది చెవికే తెలియాలి.

మన షెడ్డు పద్ధతి పెట్టింది నువ్వే. ఇంజన్ స్టార్టయ్యాక నువ్వొక పక్క, నేనొక పక్క నిలబడి, పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి పిడి చెవికి పెట్టుకునేవాళ్లం. తర్వాత బండిని ఎత్తు మీదికి తోలి వినేవాళ్లం. ఇద్దరం తల ఊపితేనే బండి గేటు దాటాలి. ఒకరు ఊపకపోయినా మళ్లీ విప్పడమే. పద్దెనిమిదేళ్లు ఆ కట్టు తప్పలేదు, ఒక్కసారి తప్ప.

వచ్చే నెల ముప్పైన పందెం. బండి తోలేది ధర్మేందరే. ఒక్క పూట వచ్చి ఈ ఇంజన్ విని పో. నా చెవికి తోడు నీ చెవి ఉంటే బాగుంటుందని, అంతే. ఇంకేమీ అనుకోవద్దు.

ఇట్లు,
గండయ్య.


మేడ్చల్,
15 మార్చి 2003, శనివారం.

మన్నాన్,

నీ నుండి జవాబు లేదు. ఉత్తరం అందలేదేమోనని రెండు రోజులు పోస్టుమ్యాన్‌ను తిట్టాను. అందిందట, అఫ్రీన్ చేతికే ఇచ్చాడట నాగారం పోస్టుమ్యాన్. ఇక తిట్టడానికి ఎవరూ మిగల్లేదు.

ఇంజన్ స్టార్టయింది. మొదటిసారి పట్టుకున్నప్పుడు షెడ్డు రేకులు వణికాయి. ఎదురుగా చాయ్ హోటల్లో గ్లాసులు కదిలాయని శేషారత్నమ్మ పోట్లాటకు వచ్చింది, వచ్చి తనూ చూస్తూ నిలబడింది. మామూలుగా నిలబడి తిరిగేటప్పుడు ఆ ఇంజన్ కుదురుగా ఉండదు, గుండె తప్పినట్టు ఆగి ఆగి కొట్టుకుంటుంది. అది క్యామ్ షాఫ్టు గుణం. కాలు కాస్త తొక్కితే చాలు, అన్నీ కలిసిపోయి ఒకే రాగం అవుతుంది. ఆ రోజు నాకు కళ్లనీళ్లు వచ్చాయి. నిజమే చెబుతున్నాను, నువ్వు నవ్వినా ఫరవాలేదు.

తర్వాతి వారం బండిని తుర్కపల్లి ఎత్తు మీదికి తోలాడు ధర్మేందర్. తిరిగొచ్చి, నాయినా ఎత్తు ఎక్కుతుంటె లోపల సన్నగ టిక్ టిక్ అంటాంది, గిదేంది అని అడిగాడు. ఈ ఇంజన్‌లో వాల్వులను నెట్టే ట్యాపెట్లు ఎప్పుడూ కొంచెం చప్పుడు చేస్తాయి, అట్లా ఉండవలసినవే అవి. నాకింగ్ కూడా మొదట్లో అట్లాగే సన్నగా ఉంటుంది. ఏది ఏదో తెలియడానికి ఇరవై ఏళ్లు ఇంజన్ల పక్కన నిలబడాలి. వాడు మంచి పనివాడే గాని వాడికి ఆ తేడా ఇంకా పట్టుబడలేదు. నేను స్క్రూడ్రైవర్ తీసుకుని ఎనిమిది చోట్లా పెట్టి చూశాను. ట్యాపెట్లే, పో అన్నాను. వాడి ముఖం వెలిగింది. సిటీ వాళ్ల ముందు, మా నాయిన చెవి ముందట ఏ మిషన్ పనికిరాదు అని చెప్పుకుంటున్నాడు.

కాబట్టి నువ్వు రాకపోయినా పని ఆగదు. అయినా రమ్మనే అంటున్నాను.

నువ్వెందుకు రావడం లేదో నాకు తెలుసు. సిద్దయ్య జీపు. తొంభై నాలుగు ఎండాకాలం. నువ్వు తల ఊపలేదు. గింజలు కదిలినట్టు సప్పుడొస్తాంది, గిప్పుడే ఇయ్యొద్దు గండయ్యా అన్నావు. నేను నీ మాట లెక్కచేయలేదు. నీ చెవులు చెడిపోయినయ్, పోయి జూపించుకో అని పదిమంది ముందర అన్నాను. జీపును నేనే గేటు దాటించాను. మూడో రోజు పిస్టన్ సిలిండర్‌లో పట్టేసి, వెనక చక్రాలు బిగుసుకుపోయి, తుర్కపల్లి దగ్గర పల్టీ కొట్టింది. డ్రైవర్ భిక్షం ఎడమ కాలు తీసేశారు. పంచాయితీలో నీ బోరింగ్ బిగువైందని నేను చెప్పాను. అందరూ నమ్మారు. మేడ్చల్‌లో ఒక్కరూ నీకు పని ఇవ్వలేదు. నువ్వు లేత్ మిషన్ లారీలో వేసుకుని నాగారం పోయావు. నేను షట్టర్ సగం దించుకుని లోపలే కూర్చున్నాను.

ఇప్పుడు దాన్ని తవ్వుకుంటే ఎవరికి లాభం? పాతది పాతే. బిడ్డ విషయం కదా అని అడుగుతున్నాను. నిన్ను చిచ్చా అని పిలిచినవాడు వాడు. నా మీద కోపం వాడి మీద చూపకు.

నీ,
గండయ్య.


మేడ్చల్,
28 మార్చి 2003, శుక్రవారం.

మన్నాన్ భాయి,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. వేస్తే పందెం అయ్యాక అందుతుంది. సుక్కమ్మ బస్సు మారి మారి తెచ్చి నీ చేతిలో పెడుతుంది. ఆమెకు మంచినీళ్లన్నా ఇవ్వండి.

మొన్న ఆదివారం ప్రపంచ కప్పు ఫైనల్ కదా, మధ్యాహ్నం నుండి ఊరంతా టీవీల ముందు ఉంది. ధర్మేందర్ కూడా చాయ్ హోటల్లోనే ఉన్నాడు. రోడ్డు మీద కుక్క కూడా లేదు. ఇదే అదనని నేనే కారు తీశాను. ఏళ్లయింది ఎత్తు మీద బండి తోలి. తుర్కపల్లి ఎత్తు దగ్గర అద్దాలు దించి, టాప్ గేరులో ఉంచి, కాలు కిందిదాకా తొక్కాను. ఒకసారి కాదు, ఐదు సార్లు ఎక్కాను, ఐదు సార్లు దిగాను. తర్వాత రోడ్డు పక్కన ఆపి, కాలుతున్న ప్లగ్గులను గుడ్డతో పట్టుకుని విప్పాను.

మూడో దాని మీద, ఆరో దాని మీద, తెల్లటి పింగాణీకి మిరియాల పొడి చల్లినట్టు సన్నటి చుక్కలు ఉన్నాయి. అవి ఏమిటో నీకు తెలుసు. పిస్టన్ నెత్తి నుండి లేచిన అల్యూమినియం అది. అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను.

షెడ్డుకు వచ్చి డిస్ట్రిబ్యూటర్ తిప్పి టైమింగ్ నాలుగు డిగ్రీలు వెనక్కి పెట్టాను. మంగళవారం వెంచర్ రోడ్డు మీద ట్రయల్ పెట్టారు. పందెం జరిగేది కూడా అక్కడే, కీసర వైపు రాజారావు ప్లాట్ల కోసం వేసిన వెంచర్ అది, ఇళ్లు ఇంకా లేవు, హద్దురాళ్లే ఉన్నాయి. రోడ్డు తిన్నగా ఉంటుంది గాని పావు మైలు అయ్యాక కొంచెం జాగా, ఆ వెంటనే కల్వర్టు, కింద రాళ్లు. పక్కన నిలబెట్టిన కారు కంటే మన బండి వెనకబడింది. రాజారావు ముఖం మాడ్చుకుని, ఇదేం ఇంజనయ్యా, ఎద్దుల బండి లెక్క ఉన్నది అన్నాడు. ధర్మేందర్ నా వైపు చూడకుండా బానెట్ ఎత్తి, నేను వెనక్కి తిప్పిందాన్ని ముందుకు తిప్పాడు. రెండోసారి బండి బాణంలా పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చాక ప్లగ్గులు చూపించి చెప్పాను. వద్దు బిడ్డా, ఇది నాకింగే అన్నాను. నాయినా అది కార్బురేటర్ల నుండి వచ్చిన మురికి, నువ్వే గద స్క్రూడ్రైవర్ వెట్టి ట్యాపెట్లే అన్నవు, మల్ల గిప్పుడు మాట మారుస్తవేంది, నీ చెవి మీద భరోసతోనే సిటీల అందరికీ జెప్పిన అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. నవ్వుతూ నా వీపు మీద తట్టి అన్నాడు. ముసలితనానికి భయం ఎక్కువైందని వాడి ఆలోచన. తల్లితో, నాయినకు పరేషాన్ జాస్తయింది, ఆదివారం పందెం కాడికి తీస్కరాకు అన్నాడట.

రాజారావుకు చెప్పబోయాను. పందెం పిలుపు కార్డులు అచ్చు వేయించాడు, సిటీ నుండి ముప్పై కార్లు వస్తున్నాయి. నీ కొడుక్కు లేని భయం నీకెందుకు అన్నాడు. పందానికి మంచి పెట్రోలు తెప్పిస్తానన్న మాట కూడా గాలికి పోయింది, మన బంకుదే పోస్తారు. ఇంజన్ విప్పేద్దామని స్పానర్ పట్టుకున్నాను. బండి నిన్ననే రాజారావు తోటకు పోయింది, గేటుకు తాళం. నేను కట్టిన ఇంజన్‌ను తాకడానికి నాకే దారి లేదు. రెండు రోజుల నుండి షెడ్డులో ఈ మూల నుండి ఆ మూలకు తిరుగుతున్నాను. సుక్కమ్మ అన్నం కలిపి ముందు పెడితే ఆ ముద్ద చేతిలోనే ఎండిపోతోంది.

పావు మైలు చివర ఆ పిస్టన్ పట్టేస్తే వెనక చక్రాలు బిగుసుకుంటాయి. ఆ తర్వాత ఏమవుతుందో మనిద్దరికంటే తెలిసినవాళ్లు లేరు. నా మాట పని చేయడం లేదు మన్నాన్. నువ్వు వచ్చి విని, అందరి ముందూ తల అడ్డంగా ఊపితే చాలు. నీ తలకు ఇంకా విలువ ఉంది. ధర్మేందర్ చిన్నప్పటి నుండి చూసినవాడు, నువ్వు ఊపకపోతే బండి కదలకూడదని వాడికి తెలుసు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి బండిని తోట నుండి మన షెడ్డుకు తెస్తారు, నూనె మార్చడానికి. గంటసేపు ఉంటుంది. నాకున్నది ఆ గంటే.

నీ కాళ్లు పట్టుకుని అడుగుతున్నాను.

గండయ్య.

తా.క. అఫ్రీన్ తల్లీ, మీ అబ్బాకు తెలుగు చదవరాదు. ఈ ఉత్తరాలన్నీ నువ్వే చదివి వినిపించి ఉంటావు. కింద రాసేది కూడా చదువు. గట్టిగా చదువు. మీ దుకాణంలో పనివాళ్లుంటే వాళ్లను కూడా పిలిచి కూర్చోబెట్టు. నేను మీ అబ్బాను అన్నది పదిమంది ముందర.

నాకు చెవులు పనిచేయవు బిడ్డా. మోత ఒక్కటే తెలుస్తుంది, అడుగున బరువుగా ఉండే చప్పుడు. సన్నవి ఏవీ రావు. పక్షులు రావు, ఫోను రాదు, టిక్ టిక్ అనేది ఏదీ రాదు. మొన్న ఆదివారం ఆ ఎత్తు మీద ఐదు సార్లూ నాకు గాలి తప్ప ఏమీ వినబడలేదు. ఇంట్లో సుక్కమ్మకు ఒక్కదానికే తెలుసు. మనుషుల పెదవులు చూసి, సగం ఊహించి నెట్టుకొస్తున్నాను. ఈ ఉత్తరాల్లో నేను రాసిన వేరేవాళ్ల మాటలు కూడా కొన్ని అట్లా పట్టుకున్నవే, కొన్ని తర్వాత సుక్కమ్మ చెప్పినవే.

తొంభై ఏడులో సికింద్రాబాదులో ఒక డాక్టరు మిషన్ పెట్టి చూసి, కాగితం మీద గీత గీసి చూపించాడు. సన్నని చప్పుళ్లు పోయి పదేళ్లు దాటి ఉంటుందని చెప్పాడు. బస్సులో తిరిగి వస్తూ లెక్క వేసుకున్నాను. సిద్దయ్య జీపు దగ్గర మీ అబ్బాకు వినబడింది నిజం. నాకు వినబడకనే లేదన్నాను. బోరింగ్‌లో వెంట్రుకంత తప్పు లేదు. టైమింగ్ ముందుకు పెట్టింది నేను. భిక్షం కాలు పోయింది నా వల్ల. ఆరేళ్లుగా ఇది తెలిసి కూడా, మేడ్చల్‌లో మీ అబ్బా పేరు చెడి ఉంటే నా పేరు బాగుంటుందని నోరు మూసుకున్నాను.

ధర్మేందర్ టిక్ టిక్ ఏందని అడిగిన రోజు కూడా అంతే. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్నాను, ఏమీ రాలేదు. వాడు నా ముఖం వైపే చూస్తున్నాడు. నాకు వినబడదు బిడ్డా అని అనవలసిన చోట ట్యాపెట్లే అన్నాను. ఆ ఒక్క మాట పట్టుకునే వాడు బండి ఎక్కుతున్నాడు. నిన్న రాత్రి కూడా చెప్పబోయి చెప్పలేకపోయాను. ఇదే మాట ఇంకో కాగితం మీద రాసి సుక్కమ్మకు ఇచ్చాను, నేను చెప్పలేకపోతే వాడి చేతిలో పెట్టమని. ఆమె పెడుతుందో లేదో, చదివి వాడు నమ్ముతాడో లేదో నాకు తెలియదు.

మీ అబ్బా నన్ను క్షమించవలసిన పని లేదు. నన్ను చూడకుండా నేరుగా ఇంజన్ దగ్గరికే పోయినా చాలు. ఒకవేళ నా కోసమే వస్తే, గేటు దగ్గర నిలబడి పిలవొద్దని చెప్పు, పిలిచినా నాకు తెలియదు. లోపలికి వచ్చి నా భుజం మీద చెయ్యి వెయ్యమను.